ఇంటి ముందటి బాట

ఇనుప సలాకల లారీ వెనక్కి వస్తున్నప్పుడు కౌసల్య ప్లాటు దగ్గరే ఉంది. ఆమె భర్త ఐలేశం రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యి ఊపుతూ "రానియ్, రానియ్" అంటున్నాడు. డ్రైవరు అద్దంలో చూసుకుంటూ రానిచ్చాడు. వెనక చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కాయి. మోరీ మీద పరిచిన బండల్లో ఒకటి ఫెళ్ళున విరిగింది. దాని పక్కది, ఆ పక్కది కూడా కుంగి మురికినీళ్లలోకి జారిపోయాయి. లారీ ఒక పక్కకు ఒరిగి, ఊగి, ఎట్లాగో నిలదొక్కుకుంది.

"సలాకలు కింద పడలేగద?" అని ఐలేశం డ్రైవర్ని అడిగాడు.

సలాకలు పడలేదు. పోయింది ఫుట్‌పాతే కాబట్టి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కౌసల్య కూడా.

ఐలేశం వాళ్లది మిడ్జిల్ దిక్కు ఒక పల్లె, గొర్రెలు కాసుకునే ఇల్లు. తన పాలికొచ్చిన గొర్రెల్ని అమ్ముకుని, జడ్చర్లలో మందుల కంపెనీ బస్సు నడిపి, చాలా ఏండ్లకు స్టేషన్ నుంచి రైసు మిల్లుల వైపు పోయే రోడ్డు మీద చిన్న జాగా కొన్నాడు. ఆ రోడ్డు ఇరుకు. పొద్దున లేస్తే వడ్ల లారీలు, ఆటోలు, కంపెనీ బస్సులు. నడిచేవాళ్లకు జాగా లేదని జనం మొత్తుకోగా మొత్తుకోగా, ఒక పక్కన మోరీ మీద బండలు పరిచి, అంచుకు సిమెంటు కట్టి మున్సిపాలిటీ వాళ్లు ఫుట్‌పాత్ చేశారు. బడికి పోయే పిల్లలు, పాలకు పోయే ఆడవాళ్లు దాని మీదనే నడిచేవాళ్లు.

ప్లాటు పక్కింటి రామచంద్రం కూడా దాని మీదనే నడిచేవాడు. ఆయన పోస్ట్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. బతుకంతా ఊరు నడిచిన కాళ్లు. రిటైరైన మరుసటేడే పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ పడిపోయాయి. కాలు కొంత తిరిగి వచ్చింది. నడిస్తేనే ఉంటుంది, కూర్చుంటే పోతుంది అని డాక్టరు చెప్పాడట. అందుకని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కర్ర పట్టుకుని ఇంటి గడప దిగి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ ఫుట్‌పాత్ మీద మూలనున్న బుచ్చయ్య చాయ్ హోటల్ దాకా పోయి వచ్చేవాడు. ఆ దారి సమంగా ఉండేది. ఆ కాలుకు అంతకుమించి అక్కర లేదు.

ఆ సాయంత్రం ఆయన కర్ర తాటిస్తూ వచ్చి, బండలు విరిగిన చోట ఆగిపోయాడు. ఐలేశం పరుగెత్తుకుని పోయాడు.

"లారోడు ఎక్కిచ్చిండు పెద్దనాయినా. ఇప్పుడు ఏపిచ్చినా లాభం లేదు, ఇంక కంకర రావాలె, ఇటుక రావాలె, మల్ల పలుగుతది. ఇల్లు లేసినంక ముందుగాల గీ పనే. నా జిమ్మ."

"గట్లనే కానియ్ కొడుకా. ముందు ఇల్లు కట్టుకో" అన్నాడు రామచంద్రం.

ఐలేశం సెంట్రింగ్ చెక్క ఒకటి తెచ్చి బొంద మీద అడ్డంగా వేశాడు. రామచంద్రం కర్రతో చెక్కను పొడిచి చూసుకుని, మీద కాలు పెట్టాడు. చెక్క ఊగింది. ఐలేశం ఆయన రెక్క పట్టుకుని దాటించాడు. తర్వాత రోజుల్లో ప్లాటు దగ్గర ఎవరుంటే వాళ్లు దాటించేవాళ్లు. ఎవరూ లేకపోతే ఆయన రోడ్డు మీదికి దిగి, ఇసుక కుప్ప చుట్టూ తిరిగి, మళ్లీ ఎక్కేవాడు.

చలికాలం పోయి ఎండలు ముదురుతుండగా స్లాబు పడింది. ఐలేశం డ్యూటీకి పోకముందే వచ్చి, మోటరు పెట్టి స్లాబుకు నీళ్లు కొట్టేవాడు. ఆ పొద్దు కూడా వచ్చాడు. కౌసల్య పాత బజారులో కిరాయి ఇంట్లో సద్ది కడుతూ ఉంది.

ఏం జరిగిందో చూసింది రామచంద్రం ఒక్కడే. మోటరు దగ్గర తడిలో ఐలేశం వంగి ఉండడం, వంగినవాడు లేవకపోవడం, చెయ్యి వైరుకు అంటుకుని ఒళ్లంతా కొట్టుకోవడం ఆయన విరిగిన బండల అవతలి నుంచి చూశాడు. కేక వేశాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన గొంతు సగమే పలుకుతుంది. రోడ్డు మీద లారీల మోతలో అది ఎవరికీ వినపడలేదు. రోడ్డు దిగి, చుట్టూ తిరిగి, గేటు లేని గేటులోంచి లోపలికి పోయి, కర్రతో కొట్టి వైరు ఊడగొట్టాడు. అప్పటికి అయిపోయింది.

కౌసల్య వచ్చేసరికి రామచంద్రం ఆ తడి మట్టిలోనే కూర్చుని ఉన్నాడు. ఐలేశం తల ఆయన మంచి చేతి కింద ఉంది. ఆమెను చూసి ఏదో అనబోయాడు. నోరు వంకర తిరిగిందే గాని మాట రాలేదు.

*

దినాలు అయిపోయాయి. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. కిరాయి ఇల్లు విడిచిపెట్టి, కౌసల్య ఆ సగం ఇంటికే వచ్చేసింది. గోడలకు పూత లేదు. ఒక అర్రకు మాత్రం తలుపు పెట్టించుకుంది. కిటికీలకు ఖాళీ సిమెంటు సంచులు కుట్టి కట్టింది. బిడ్డ శ్రీవాణి మహబూబ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి చదువుతోంది. భర్త పనిచేసిన కంపెనీ వాళ్లు క్యాంటీన్లో పని ఇచ్చారు. పొద్దున పోయి, సాయంత్రం వచ్చి, ఆ అర్రలో గోడకు ఆనుకుని కూర్చునేది. ఒక్కోసారి దీపం వేయడం కూడా మరిచిపోయేది.

అట్లాంటి ఒక సాయంత్రం పక్కింటి పుష్పమ్మ, రామచంద్రం భార్య, గిన్నెలో అన్నం తెచ్చి పెట్టింది. "తిను బిడ్డా. నువ్వు పంటే ఆ పోరి ఎవర్ని చూడాలె" అని పక్కన కూర్చుంది. తినేదాకా లేవలేదు. ఆ తర్వాత అదే అలవాటైంది. పుష్పమ్మ నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. తిడుతూనే పెట్టేది. కౌసల్యకు తల్లి చిన్నప్పుడే పోయింది. పుష్పమ్మను పెద్దమ్మా అని పిలిచేది.

సెంట్రింగ్ మేస్త్రీ వచ్చి తన చెక్కలు, కర్రలు లెక్క చూసుకుని బండికి ఎత్తుకున్నాడు. మోరీ మీది చెక్క కూడా ఆయనదే. దాన్నీ తీసుకుపోయాడు. కౌసల్య ఇంట్లోంచి చూసింది. ఆపి, అది ఉండనియ్ అనడానికి కూడా ఆమెకు ఓపిక లేకపోయింది. తర్వాత రెండు తుమ్మ కొమ్మలు తెచ్చి బొందలో గుచ్చింది, ఎవరూ కాలు పెట్టకుండా.

మున్సిపాలిటీ జవాను ఎల్లేష్ ఒకనాడు వచ్చి ఫుట్‌పాత్ చూశాడు. గడపలో కౌసల్యను చూసి, గొంతు తగ్గించాడు.

"అక్కా, గిది మీరే ఏపియ్యాలె. ఇల్లు కట్టేటప్పుడు పలిగితే ఇంటోళ్లదే జిమ్మ. అందరికీ గదే కానూన్."

"తెల్సు తమ్మీ. మా ఆయన గదే అన్నడు."

ఎల్లేష్ వెనక్కి తిరిగాడు. "సరే, జర నిమ్మళంగ చూడుండ్రి. మీ పరిస్థితి తెల్వంది గాదు" అని పోయాడు. మళ్లీ రాలేదు.

ఇంకెవరూ అడగలేదు. ఆ దుఃఖం చూసినవాళ్లకు బండల మాట ఎత్తబుద్ధి కాలేదు. పిల్లలు గెంతి దాటారు. ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు ఎత్తి రోడ్డు దిగి పోయారు. కౌసల్య పొద్దున బయటికి వచ్చినప్పుడు ఆ దిక్కు చూడకుండా గేటు దాటడం నేర్చుకుంది. వెనక అర్రలో పూతకని ఐలేశం తెచ్చిపెట్టిన సిమెంటు సంచులు ఉన్నాయి. కాస్త సిమెంటు, నాలుగు బండలు, మేస్త్రీతో ఒక్కపూట పని. అది ఆమెకు తెలుసు. కాని సిమెంటు సంచి విప్పితే, ఐలేశం చేద్దామనుకున్న పనుల్లో ఒకటి ఐలేశం లేకుండా అయిపోతుంది. అందుకని వాటిని అట్లనే ఉంచింది.

రామచంద్రం నడక మానలేదు. కిటికీకి కట్టిన సంచి సందులోంచి ఆమెకు కనిపించేవాడు. తుమ్మ కొమ్మల దాకా వచ్చి ఆగుతాడు. కర్ర ముందు రోడ్డు మీద ఆనిస్తాడు, తర్వాత మంచి కాలు దించుతాడు, తర్వాత చెడ్డ కాలు ఈడ్చుకుంటాడు. లారీ హారన్ కొడితే అక్కడే బిగుసుకుని నిలబడతాడు. అది దాటిపోయాక మళ్లీ కదులుతాడు. ఒకసారి ఆమె ఉండబట్టలేక బయటికి పోయి రెక్క పట్టుకుంది.

"ఏపిస్త పెద్దనాయినా. గీ నెల కాకుంటే వచ్చే నెల."

"నిన్ను ఎవలన్న అడిగిండ్రా బిడ్డా? తొందరేం లేదు. నాకేమైంది, తిరిగి పోతున్న గద" అన్నాడాయన.

ఆ మాట పట్టుకుని ఆమె ఇంకొన్నాళ్లు వెళ్లదీసింది.

*

వానలు మొదలైనాక ఒక బుధవారం, కంపెనీ నుంచి వచ్చేసరికి పుష్పమ్మ ఇంటి ముందు చెప్పుల గుంపు. కౌసల్య లోపలికి పరుగెత్తింది. రామచంద్రం మంచంలో లేడు. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయారట. తుంటి ఎముక విరిగిందట.

"ఎక్కడ పడ్డడు?" అని అడిగింది.

"బాత్రూంలనంట. పెద్దమ్మ అంగడికి పోయింది, ఇంట్ల ఎవలు లేరు" అని ఎవరో చెప్పారు.

కౌసల్యకు ఒళ్లంతా తేలికైపోయింది. బాత్రూంలో. అక్కడ కాదు. అంత మంచి మనిషి ఎముక విరిగి దవాఖానలో పడి ఉంటే తనకు అట్లా తేలికగా అనిపించడం ఆమెకే అసహ్యం వేసింది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టింది.

ఆయన వయసుకు, ఆయన గుండెకు ఆపరేషన్ కాదన్నారు డాక్టర్లు. కాలికి బరువు కట్టి, కొన్నాళ్లుంచి, ఇంటికి పంపారు. వచ్చాక మంచం దిగలేదు. నడిస్తేనే ఉంటుందన్న కాలు నడక లేక కట్టెలాగా అయింది. కౌసల్య క్యాంటీన్ నుంచి రాగానే అక్కడికే పోయేది. ఆయన్ని పక్కకు తిప్పడానికి, దుప్పట్లు మార్చడానికి పుష్పమ్మకు చెయ్యి సాయం పట్టేది. పుష్పమ్మ నోరు మూతపడిపోయింది. ఒకరోజు బాయి దగ్గర బట్టలు పిండుతూ ఉన్నట్టుండి ఏడ్చేసింది.

"నేనే బిడ్డా. నేనే చంపుకుంటున్న. పొద్దుగాల బాత్రూం కడిగి, నీళ్లు ఎత్తిపొయ్యకుంట అంగడికి ఉరికిన. ఆయన కాలు జారుతదని తెల్వదా నాకు? ఇన్నేండ్లు కంట్ల ఒత్తులేసుకొని చూసుకున్న. ఒక్కపూట మర్సిపోతి."

"గట్ల అనుకోకు పెద్దమ్మా" అంది కౌసల్య. అంతకంటే ఆమెకు చెప్పడానికేమీ లేదు. అప్పటికి.

చాయ్ హోటల్ బుచ్చయ్య చెప్పకపోతే ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. పాల ప్యాకెట్ కోసం పోయినప్పుడు, వాన కురుస్తుంటే ఆ రేకుల కింద నిలబడింది. బుచ్చయ్య గిన్నెలు కడుగుతూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"కౌసల్యా, నీ తోని ఒకమాట చెప్పాలె. చెప్పొద్దన్నడు గాని, నాకు కడుపుల ఉంటలేదు. గా పెద్దమనిషి బాత్రూంల పడలే."

ఆమె గిన్నెల దగ్గరికి జరిగింది.

"మీ ఇంటి ముందట్నే. లారీ వస్తున్నదని పక్కకు జరిగిండు, కర్ర బొందల దిగింది. నేను, గీ ఆటో పోరడు ఉరికి లేపినం. మోరీల నడుం దాక ఉండె. ఇంటికి తీస్కపోయి, బాత్రూంల కూసోవెట్టి నీళ్లు పోసి కడిగినం. నొప్పికి పండ్లు కొర్కుతనే ఉన్నడు, గప్పుడు గూడ ఒకటే మాట. 'బాత్రూంల పడ్డడని చెప్పుండ్రి. ఇంకొక మాట చెప్తే నా మీద ఒట్టు' అని."

"ఎందుకు?"

"నాకేం ఎరుక. నీకు ఎరుకుండాలె."

వాన ఆగలేదు. కౌసల్య దాంట్లోనే ఇంటికి వచ్చింది. తుమ్మ కొమ్మలు ఎండి, వంగి, ఒకటి నీళ్లలో తేలుతోంది. ఆ బొందను ఆమె అంత దగ్గరి నుంచి చాలా నెలలకు చూసింది. విరిగిన బండ అంచు మీద నాచు పట్టింది.

మర్నాడు పుష్పమ్మ మందులకు పోయినప్పుడు ఆమె రామచంద్రం మంచం పక్కన కూర్చుంది. ఆమె అడగకముందే, ముఖం చూసి ఆయనే కనిపెట్టాడు.

"బుచ్చిగాడు చెప్పిండా?"

ఆమె తల ఊపింది. కన్నీళ్లు మోకాళ్ల మీద పడ్డాయి. "ఎందుకట్ల అబద్ధమాడినవ్ పెద్దనాయినా? నన్ను తిట్టరాదు? నా ఇంటి మీదికి రారాదు?"

రామచంద్రం పైకప్పు వైపు చూపు తిప్పాడు. ఆయన మాట ఇప్పుడు ఇంకా మెల్లగా, ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"ఆ పొద్దు నేను జల్దిన రాలేకపోయిన బిడ్డా. కండ్ల ముంగట పిలగాడు కొట్టుకుంటుండు. మంచిగున్నోడైతే రెండు అంగలల్ల పోతుండె. నేను రోడ్డు దిగి, తిరిగి, ఇసుక దాటి పోయేటాలకు... నువ్వు ఒక్కనాడు గూడ నన్ను అడగలే, ఎందుకు ఆలిశమైంది అని. నేను నీ ఇంటి మీదికి ఎట్ల వస్త?"

కౌసల్యకు ఆ మాటే చెవిలో నిలిచింది. రోడ్డు దిగి, తిరిగి. బండలు ఉండి ఉంటే ఆయన రోడ్డు దిగేవాడు కాదు. ఆ సంగతి ఆయనకు తట్టిందో లేదో. తట్టినా చెప్పే మనిషి కాదు.

"పుష్పకు చెప్పకు" అన్నాడాయన. "అది నీ మీద పాణం పెట్టుకున్నది. ఇప్పుడు నీ మొఖం చూడదు. ఇద్దరు ఆడోళ్లు, పక్కపక్కకు బతకాలె."

"పెద్దమ్మ తనే చేసిన్నని ఏడుస్తుంది పెద్దనాయినా. బాత్రూం కడిగి నీళ్లు ఉంచిన్నని."

ఆయన కండ్లు మూసుకున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు. పుష్పమ్మ ఆయన ముందు ఏడవదు. మూసిన కండ్ల కొసల్లోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఏదో అనబోయాడు. అంతలో బయట పుష్పమ్మ చెప్పుల చప్పుడైంది.

*

వాన తెరిపిచ్చిన ఆదివారం కౌసల్య పూత కోసం ఉంచిన సిమెంటు సంచులు విప్పింది. మేస్త్రీ మల్లేశ్‌ను పిలిచింది. ఇంట్లోకి పెట్టించుకుందామని చూసివచ్చిన తలుపులు వద్దనుకుని, బండలు తెప్పించింది. మల్లేశ్ మోరీలో దిగి పాత ముక్కలు తీస్తుంటే ఆమె పైనుంచి అందుకుని ఒడ్డున వేసింది. చేతులు మోచేతుల దాకా నల్లగా అయ్యాయి. అంచులకు ఇటుక కట్టి, బండలు పరిచి, సందులు పూడ్చి, ఎత్తుపల్లాలు లేకుండా చేయించింది.

"ఇంత నున్నగ ఎందుకక్కా, మోరీ మీదిదే గద" అన్నాడు మల్లేశ్.

"కాలు ఈడ్చుకుంట పోయినా తట్టుకోవద్దు" అంది ఆమె.

దారినపోయే వాళ్లు ఆగి చూశారు. మంచి పని చేసినవమ్మా అన్నారు ఇద్దరు ముగ్గురు. ఆ మాట ఆమెకు చెంపదెబ్బలాగా తగిలింది. పుష్పమ్మ గడపలో నిలబడి, "ఆయన మంచం పట్టినంక ఏపిస్తివి బిడ్డా. ఇంకొన్ని దినాలు ముందుగాల అయితే నడుస్తుండె పాపం" అంది. మనసులో ఏమీ పెట్టుకుని అన్నది కాదు. కౌసల్యకు చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆయన చెప్పకు అన్నాడు గదా అనుకుని మింగింది. అది ఆయన కోసమో, తన కోసమో అప్పుడు విడదీసి చూసుకోలేదు.

రామచంద్రం ఆ బండల మీద ఒక్కసారి కూడా నడవలేదు. బతుకమ్మ పండుగ ముందట ఆయనకు జ్వరం వచ్చి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. తీసుకుపోదామంటే దవాఖాన వద్దన్నాడు. ఒక మధ్యాహ్నం, పుష్పమ్మ జావ కలుపుకుని వచ్చేలోపల పోయాడు.

శవం దగ్గర పుష్పమ్మ ఏడ్చిన ఏడుపు వీధంతా వింది. "నేను పోసిన నీళ్లే నిన్ను తీస్కపోయె" అని ఆమె తన నెత్తి తాను కొట్టుకుంటుంటే, వనపర్తి నుంచి వచ్చిన కూతురు చేతులు పట్టుకుంది. కౌసల్య గోడవారన నిలబడి వింటోంది. బుచ్చయ్య గుంపులోంచి ఒకసారి ఆమె వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

దినాలు అయి, కూతురు వనపర్తి పోయిన మర్నాడు కౌసల్య పోయింది. పుష్పమ్మ చాపమీద కూర్చుని బియ్యం ఏరుతోంది. కౌసల్య ఎదురుగా కింద కూర్చుని చెప్పింది. లారీ, కర్ర, బొంద, బుచ్చయ్య, ఆయన పెట్టిన ఒట్టు, అన్నీ చెప్పింది. తనకు సాకులు దొరికిన చోట ఆగి, వాటిని వదిలిపెట్టి చెప్పింది. "నీ నీళ్లు కాదు పెద్దమ్మా. నా బొంద" అంది చివరికి.

పుష్పమ్మ చేతిలో చేట కదలడం ఆగింది. ఆమె అడిగింది.

"నీకు ఎప్పటిసంది ఎరుక?"

"బండలు ఏపియ్యకముందు."

"అంటె ఆయన బతికుండంగ."

"అవు."

"నేను గా బాయికాడ కూసోని ఏడుస్తుంటె, నువ్వు నా పక్కన్నే ఉన్నవ్. దుప్పటి కొస పట్టుకొని పిండుతున్నవ్."

"గప్పటికి ఇంక తెల్వదు పెద్దమ్మా. తర్వాతనే..."

"తర్వాత నేను ఏడ్వలేదా?" పుష్పమ్మ గొంతు లేవలేదు. ఆమె తిట్టి ఉంటే కౌసల్యకు బాగుండేది. "మొగడు పోయిన దుఃఖంల ఉన్నదని వాడకట్టంత ఊకున్నం. ఆయన గూడ ఊకున్నడు. మేము అడగకుంటె నీ ఇంటి ముందటిది నీకు కనవడదా? ఆ ముసలాయన రోజు రోడ్డు దిగుడు నీకు కనవడలే?"

"కనవడ్డది" అంది కౌసల్య.

పుష్పమ్మ చేట పక్కన పెట్టి లేచింది. లోపలికి పోయి, కౌసల్య ఇంటిదైన గిన్నె ఒకటి వెతికి తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఎప్పుడో కూర తెచ్చిన గిన్నె.

"ఇగ పో బిడ్డా" అంది. "నన్ను జర ఒక్కదాన్ని ఉండనియ్."

కౌసల్య గిన్నె పట్టుకుని ఇంటికి వచ్చింది.

ఆ తర్వాత పుష్పమ్మ ఆమెతో మాట్లాడలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు కూడా. వాడకట్టులో ఎవరూ కౌసల్యను పల్లెత్తు మాట అనలేదు. పాలకు, అంగడికి పుష్పమ్మ ఆ ఇంటి ముందు నుంచే పోయేది, ముఖం తిప్పకుండా, చూపు రోడ్డు మీద పెట్టి. కౌసల్య గడపలో ఉంటే లోపలికి జరిగేది. సాయంత్రాలు అన్నం వండుకునేది, సగం తినేది. శ్రీవాణి సెలవులకు వచ్చి, "పక్కింటవ్వ ఎందుకమ్మా వస్తలేదు?" అని అడిగితే, ఏం జరిగిందో బిడ్డకు కూడా చెప్పింది. శ్రీవాణి విని, తల్లి పక్కనే పడుకుంది.

ఏడాది తిరిగింది. కంపెనీ నుంచి రావలసింది ఏదో వస్తే కౌసల్య ఇంటికి పూత వేయించి, ముందు తలుపు పెట్టించింది. మల్లేశే పని చేశాడు. ఇల్లు రోడ్డుకంటే ఎత్తు. గడప ముందు మెట్లు కావాలి. కౌసల్య కంపెనీకి పోయే తొందరలో ఉండగా మల్లేశ్ సున్నంతో గీత గీశాడు. మూడు మెట్లు, మూడోది ఫుట్‌పాత్ మీదికి. వీధిలో కొత్తగా లేస్తున్న ఇండ్లకు అట్లనే ఉన్నాయి.

పాల ప్యాకెట్ పట్టుకుని వస్తున్న పుష్పమ్మ ఆ గీత దగ్గర ఆగింది. కౌసల్య తాళం వేస్తూ వెనక్కి తిరిగి ఆమెను చూసింది. పుష్పమ్మ బాగా సన్నబడింది. ఆమె కౌసల్య వైపు చూడలేదు. గీత వైపే చూస్తూ అంది.

"మెట్లు లోపటికి జరుపుకో. నడిచేటోళ్లుంటరు."

"సరే పెద్దమ్మా."

పుష్పమ్మ ఇంకేం అనకుండా, బండల మీది నుంచి మెల్లగా తన ఇంటికి పోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

లోపలికి జరపాలంటే గడప ముందరి అరుగు కొట్టెయ్యాలి అన్నాడు మల్లేశ్. ఐలేశం ముచ్చటపడి కట్టించుకున్న అరుగు అది, సాయంత్రాలు కూర్చోవచ్చని. కౌసల్య దాని మీద చెయ్యి వేసింది. కంపెనీ బస్సు మూల మీద హారన్ కొడుతోంది.

"కొట్టెయ్" అంది, చెప్పులు వేసుకుంటూ.